కప్పు మీది నడకపలక

వంటింట్లో పెనం మీద స్క్రాపుల్ అనే పందిమాంసపు ముక్కలు చిటపటమంటున్నాయి. హార్లన్ స్టోల్ట్జ్ తాను చేసిన బొమ్మ గూడ్సు వ్యాగన్‌ను పాత తువ్వాల్లో చుట్టి పెట్టెలో సర్దుకుంటున్నాడు. భార్య పోయాక ఆయన ఆల్టూనా అనే ఊళ్లో కూతురు నోరీన్ ఇంట్లోనే ఉంటున్నాడు.

"ఈ ఏడు బొమ్మ బళ్ల పోటీకి నువ్వే జడ్జివట కదమ్మాయ్! అసలు బండికీ బొమ్మకీ తేడా పట్టడమంటే కేకు చేసినంత తేలిక కాదు."

"నీ బొమ్మ సంగతి చూసుకో నాన్నా. నా సంగతి నీకెందుకు?"

పదిహేనేళ్ల వయసులో ఆమె చేసిన వ్యాగన్‌ను ఈ పెద్దమనిషే జడ్జీగా ఉండి నలుగురిలో చిన్నబుచ్చాడు. నిచ్చెన తప్పుచోట ఉందన్నాడు. అసలు బండి ఫోటో పక్కనే ఉంది చూడమని ఆమె ఏడ్చినా చూడలేదు. ఆ మంట నేటికీ చల్లారలేదు. ఇవాళ ముసలాయన పరువు తీయకపోతే తన పేరు నోరీన్ కాదు.

చర్చి హాల్లో బల్లల నిండా వ్యాగన్లే. చేసినవాళ్ల పేర్లుండవు, అంకెలే. అయినా ఆ తుప్పు మరకలు వేసిన చెయ్యి ఎవరిదో ఆమెకు తెలియదా? తండ్రి వ్యాగన్ కప్పు మీద పొడుగునా నడకపలక ఉంది. వెనకటికి రైలు పనివాళ్లు కప్పుల మీద నడిచేవారు. పడి చస్తున్నారని తర్వాత ఆ పలకలు తీయించేశారు. బొమ్మ పక్కన రాసిన, బండికి రంగు వేసిన తేదీ చూస్తే పలకలు తీయించేసిన తర్వాతిది. నోరీన్‌కు పండగైంది.

"సగం మార్కులు కొట్టెయ్ డ్వైట్," అంది తోటి జడ్జీతో.

"కవర్లో ఫోటో పెట్టారు. ఓసారి చూద్దామా?"

"ఏమక్కర్లేదు. నాకు తెలుసు."

అందరి ముందూ తప్పులు చదివి చెప్పడం అక్కడి ఆనవాయితీ. "పన్నెండో నంబరు. రంగు కొత్తది, పలక పాతది. చేసినవారు రైలనేది ఎప్పుడైనా చూశారో లేదో!" హాలంతా నవ్వింది. వెనక నిలబడ్డ హార్లన్ చెవులు ఎర్రబడ్డాయి. నోరీన్ కడుపు చల్లబడింది.

అప్పుడు డ్వైట్ కవరు విప్పి ఫోటో చేతికిచ్చాడు. అదే బండి, అదే తేదీ, కప్పు మీద అదే పలక. రైల్వేవాళ్లు రంగు వేశారుగానీ పలక పీకడం వాయిదా వేశారు.

ఆమె తండ్రి దగ్గరికి విసురుగా వెళ్లింది. "ఫోటో ఉందని నోరు విప్పొచ్చు కదా?"

"విప్పితే చూస్తావా? నాడు నీది నేను చూశానా?"

"ఫలితం చెప్పేశాం. పోనీలే నోరీన్," అని డ్వైట్ గొణిగాడు.

పోనిస్తే పగ తీరినట్టే. నోరీన్ మైకు అందుకుంది.

"పన్నెండో నంబరుకు నేను అన్యాయం చేశాను. అది మా నాన్నది. కసితో ఫోటో చూడకుండా మార్కులు కొట్టేశాను. ఆ మార్కులు కలిపితే మొదటి బహుమతి ఆయనదే." ఆమె తండ్రి వైపు తిరిగింది. "చూశావా నాన్నా? జడ్జీ అంటే ఇలా ఉండాలి. నేర్చుకో!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. హార్లన్ నెమ్మదిగా బల్లల మధ్య నుంచి నడిచి వచ్చి, బహుమతి వంక చూడకుండా ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నేర్చుకున్నానమ్మా," అంటూ అందరి ముందే పసిపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఇన్నేళ్లూ ఆయన్ని ఏడిపించాలనే కాచుకుంది నోరీన్. తీరా ఏడిస్తే చూడలేక, తనూ ఏడ్చేసింది.