మూల మడిచిన కార్డులు

ఆ సోమవారం డాక్టరు చేయాల్సిన పనులు:

టీకాల ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాసిపెట్టాలి.
చేతులు కడుక్కునే కుళాయి కారుతోంది, మనిషిని పిలవాలి.
అత్తయ్య కళ్ళజోడు తేవాలి.
మామయ్యకి జిగురు డబ్బా.
ఆరోగ్యశాఖ ఉత్తరానికి జవాబు రాయాలి.

చివరిది కొత్త పనేమీ కాదు. మూడు నెలలుగా ఒక సోమవారం చీటీ నుంచి ఇంకో సోమవారం చీటీలోకి ఎక్కుతూనే ఉంది. పేగు క్యాన్సర్‌ని ముందుగా పట్టుకోవడానికి శాఖవాళ్ళు రెండేళ్ళలో రెండొందల మలపరీక్ష డబ్బాలు పంపారు. యాభై దాటిన ప్రతి మనిషికీ, ఒంట్లో ఏ బాధా లేకపోయినా సరే, ఒకటి ఇవ్వాలి. ఇంట్లో నమూనా తీసి తెచ్చిస్తే, కంటికి కనిపించని రక్తం అందులో ఉందో లేదో తేలుతుంది. ఇప్పటికి ఎన్ని వాడారన్నది ఉత్తరంలో ప్రశ్న. వాడినవి తొమ్మిది.

కింద క్లినిక్, పైన ఇల్లు. క్లినిక్‌లో ఒక్కో మనిషికి ఏడు నిమిషాలు దొరుకుతాయి. మోకాలి నొప్పని వచ్చినవాణ్ణి ఆ ఏడు నిమిషాల్లో మలం సంగతి అడగాలి. అడిగితే మొహం చిట్లిస్తాడు. పరీక్షలో రక్తం కనపడితే, పేగులోకి గొట్టం పంపి చూసే పరీక్ష కోసం పెద్దాసుపత్రిలో నాలుగు నెలలు ఆగాలి, ఆ నాలుగు నెలలూ అతను ఈ గుమ్మంలోనే కూర్చుంటాడు. ఇవి ఆమె తనకి తాను చెప్పుకునే కారణాలు. ఎవరికీ చెప్పని కారణం ఇంకొకటి ఉంది.

అందుకే ఒక పద్ధతి పెట్టుకుంది. అడగాల్సిన మనిషిని అడగలేకపోతే, ఆ మనిషి జబ్బుల వివరాలుండే కార్డు కుడివైపు పైమూల మడిచేది. వచ్చేసారి అడగాలని గుర్తు.

ఆ పొద్దున ఆమె కిందికి దిగుతుంటే అత్తగారు మెట్ల మధ్యలో గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటత్తయ్యా, గోడ పట్టుకున్నారు?"

"నేను వదిలేస్తే పడిపోతుందేమోనని."

"మొహం తెల్లగా పాలిపోయింది."

"అరవై మూడేళ్ళకి తెల్లబడ్డానంటే సంతోషించాలి గానీ, ఆ చూపేంటి? వెళ్ళు, నీ కోసం అప్పుడే నలుగురు కూర్చున్నారు."

కోడలు వెళ్ళలేదు. అక్కడే మెట్టు మీద కూర్చోబెట్టి కనురెప్ప కిందికి లాగి చూసింది. రక్తం తీసి పంపింది. హిమోగ్లోబిన్ ఏడు వచ్చింది. లోపల ఎక్కడో రక్తం పోతోందన్నమాట, అంత తక్కువుంటే పెద్దాసుపత్రి వాళ్ళు నాలుగు నెలలు ఆగమనరు. ఆ వారంలోనే గొట్టం పరీక్ష అయింది. పెద్దపేగులో గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరని తేలింది.

మరుసటి గురువారం మధ్యాహ్నం ఆమె భర్త కార్డుల గదిలోకి వచ్చాడు. అతను సర్వేయరు, పొలాల హద్దులు కొలిచే ఉద్యోగం. గదిలో తండ్రి ఒక్కడే ఉన్నాడు. ఆయన నలభై ఏళ్ళు పుస్తకాలు కుట్టి అట్టలు కట్టినవాడు. పాత గుమాస్తా మానేశాక, ఏడాదిన్నరగా కోడలి కార్డులు ఆయనే చూస్తున్నాడు. చిరిగినవి అతికించేవాడు, నలిగినవి సాపు చేసేవాడు. ఆ గదిలోకి వస్తే కొత్త కాగితాల దుకాణంలోకి వచ్చినట్టు ఉంటుందని నర్సు మెచ్చుకునేది.

"అమ్మ కార్డివ్వు నాన్నా. ఆసుపత్రి వాళ్ళకి పాత వివరాలు కావాలిట."

తండ్రి చూడకుండానే చెయ్యి పెట్టి తీసిచ్చాడు. కొడుకు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. గీతలు చూసి బతికే కళ్ళు కదా, కార్డు పైమూల దగ్గర ఆగిపోయాయి.

"ఈ మూల ఈ గీతలేంటి? మూడున్నాయి."

"మడత పడింది. సాపు చేశాను."

"మూడుసార్లా?"

"మూడుసార్లు పడింది, మూడుసార్లు చేశాను. మీ ఆవిడకి కాగితమంటే లెక్క లేదురా. చేతిలో పెట్టుకుని మూల నలిపేస్తుంది. ఎన్ని కార్డులని బాగుచేయను!"

బయట మందుల అలమారా దగ్గరున్న నర్సు గదిలోకి తొంగి చూసింది. "అయ్యో పెద్దాయనా, అది నలిగింది కాదండీ. మేడమ్ కావాలని మడిచేది. వచ్చేసారి డబ్బా ఇవ్వాలని. పాత గుమాస్తాకి తెలుసు."

ఆయనకి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. చేతిలో ఉన్న, మడతలు సాపు చేసే బద్దని బల్ల మీద పెట్టి, దానికి దూరంగా జరిగి కూర్చున్నాడు.

"అంటే... మీ అమ్మని అడగమని రాసుకుంటే, నేను చెరిపేశానా?"

"నాన్నా, నువ్వు..." అని కొడుకు ఆగాడు. కోపం ఎవరి మీదో తెలియక గొంతు పెంచాడు. "ఎవరినైనా ఒక్క మాట అడగొచ్చుగా నాన్నా! ఇంతమంది కార్డులకి ఒకే మూల మడత పడుతుంటే అనుమానం రాలేదా నీకు?"

డాక్టరు అప్పటికే గుమ్మంలో ఉంది. అంతా విన్నది. ఆమె నోరు మెదపకపోయినా సరిపోయేది. తప్పు దానంతటదే ముసలాయన ఒళ్ళో పడింది, ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. చచ్చేదాకా వదలడు కూడా.

"మామయ్యకి తెలియదు. నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"మడతలు సాపైపోతున్నాయని. ఆయన వచ్చిన రెండో నెలలోనే చూశాను. ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు."

"ఎందుకని?"

"మడత కనపడకపోతే అడగక్కర్లేదు కాబట్టి. హాయిగా ఉండేది."

ఆమె కుర్చీ లాక్కుని మామగారి ఎదురుగా కూర్చుని, ఎవరికీ చెప్పని ఆ కారణం చెప్పింది. ఐదేళ్ళ కిందట, బట్టలు కుట్టే ఒకావిడకి ఏ బాధా లేకపోయినా పట్టుబట్టి రొమ్ము పరీక్ష చేయించింది. నీడలాంటిది కనపడింది. సూది పెట్టి ముక్క తీశారు. మూడు వారాలకి ఏమీ లేదని తేలింది. స్వీట్లతో వస్తుందనుకున్న మనిషి వచ్చి, నలుగురి ముందూ, 'నీ వల్ల మూడు వారాలు చచ్చి బతికాను, నా పిల్ల పరీక్ష తప్పింది, ఇక నీ గుమ్మం తొక్కను' అని వెళ్ళిపోయింది. 

"నేను అడిగితే ఒకరు తిట్టారు. అడగనందుకు ఇప్పటిదాకా ఎవరూ తిట్టలేదు," అంది.

"ఇప్పుడు నేను తిడుతున్నాను," అన్నాడు భర్త. "అది బయటావిడ. మా అమ్మ పైనే ఉందిగా! రోజూ ఒకే టేబుల్ మీద తింటాంగా!"

"అత్తగార్ని కూర్చోబెట్టి మలం డబ్బాలో పట్టి తెమ్మని ఎలా అడగను? మూడుసార్లు అనుకున్నాను. మూడుసార్లూ మడిచి పెట్టాను."

"బాగుంది!"

ఆ మాట మెట్ల మీంచి వచ్చింది. పై ఇంటి నుంచి గోడ పట్టుకుంటూ అత్తగారు దిగి వచ్చింది. కొడుకు పరుగెత్తి పట్టుకోబోతే చెయ్యి విదిల్చింది.

"నా బీపీ అడుగుతావు, పన్నునొప్పి అడుగుతావు, నిద్ర పట్టిందా అని అడుగుతావు. దాని దగ్గరికొచ్చేసరికి డాక్టరువి కాకుండా కోడలివైపోయావా?"

"అవునత్తయ్యా."

"అడిగుంటే ఏమనేదాన్నో తెలుసా? సిగ్గులేదా, పో అవతలికి, అనేదాన్ని." ఆయాసం తీర్చుకుంది. "అయినా అడగాలి. రెండోసారి అడిగితే తిట్టుకుంటూ ఇచ్చేదాన్ని. నేనెప్పుడు ఒక్కసారికే ఏ పనైనా చేశాను? ఈయన్ని అడుగు."

ముసలాయన నవ్వలేదు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ మాటకి వచ్చింది. అత్తగారు ఆయన దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, కోడలి వైపు చూసి, "నువ్వు చెప్పకపోతే ఈ మనిషి ఇవాళ్టి నుంచి అన్నం మానేసేవాడు. చెప్పావు కాబట్టి బతికిపోయావు. కోపం లేదని అనుకోకు, ఉంది. ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా నీ పని పడతాను," అంది.

కాసేపటికి ముసలాయన మొహం తుడుచుకుని అడిగాడు. "ఇలాంటివి ఇంకెన్నున్నాయమ్మా?"

"తెలియదు మామయ్యా. లెక్క రాసుకోలేదు."

"సాపు చేసినా కాగితంలో గీత పోదు. నా వేలికి తెలుస్తుంది."

ఆపరేషన్ అయింది. జబ్బు పక్క గ్రంథుల దాకా వచ్చిందని, ఆరు నెలలు మందు ఎక్కించాలని చెప్పారు. ముందే పట్టుకుని ఉంటే ఆ ఆరు నెలలు తప్పేవా అని కొడుకు సర్జన్‌ని అడిగాడు. సర్జన్ తప్పేవనీ అనలేదు, తప్పేవి కావనీ అనలేదు. ఇంట్లో ఆ ప్రశ్న మళ్ళీ ఎవరూ ఎత్తలేదు గానీ భార్యాభర్తలు నెల రోజులు అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు.

ఆ నెలలో మామగారు ప్రతి కార్డు మూలా బొటనవేలితో తడిమి చూశాడు. నూట పన్నెండు దొరికాయి. రోజూ మధ్యాహ్నం క్లినిక్ మూసే వేళ ఆయన నంబర్లు చదివేవాడు, కోడలు ఫోన్ చేసేది. మూడో రోజు నుంచి కొడుకు కూడా వచ్చి పక్కన కూర్చుని, ఒప్పుకున్నవాళ్ళ పేర్లు రాయడం మొదలుపెట్టాడు. ఎవరైనా గొణిగితే అత్తగారు ఫోన్ లాక్కునేది.

"నేను డాక్టరు అత్తనండీ. నాకు సిగ్గు లేదు గానీ మా కోడలికి బోలెడుంది, అందుకే రెండేళ్ళు ఆలస్యమైంది. మీరూ సిగ్గుపడితే ఇంకో రెండేళ్ళు. వచ్చి డబ్బా పట్టుకెళ్ళండి."

చాలామంది నవ్వి ఒప్పుకున్నారు. ఇరవై మంది కుదరదన్నారు. ఇద్దరు తిట్టారు. తిట్టినప్పుడు డాక్టరు ఫోన్ పెట్టేసి, కాస్త మంచినీళ్ళు తాగి, తర్వాతి నంబరు చదవమనేది.

తొంభై నాలుగో కార్డు తాళాలు బాగుచేసే ఒకాయనది. ఫోన్ కూతురు ఎత్తింది.

"నాన్న పోయి ఏడాదైందండి."

"ఏమైందమ్మా?"

"పేగులో గడ్డ. తెలిసేసరికే లివర్ దాకా పాకిందన్నారు."

కార్డు మీద రెండు గీతలున్నాయి. డాక్టరు తన భర్త వైపు చూసింది. అతను తల ఊపాడు.

"మీ నాన్నని రెండుసార్లు పరీక్ష సంగతి అడగాల్సింది నేను. అడగలేదమ్మా. మీకు తెలియాలని చెబుతున్నాను."

 అవతల దుకాణంలో ఏదో ఇనుము రాపిడి వినిపించింది.

"అడిగుంటే చేయించుకునేవాడేనండి," అంది ఆ అమ్మాయి. "ఎవరేం చెప్పినా వినేవాడు." రాపిడి ఆగింది. "అమ్మకి యాభై ఎనిమిది. ఎప్పుడు తీసుకురమ్మంటారు?"

ఆ తాళాలాయన చివరిసారి వేలు తెగి వచ్చాడని మామగారికి గుర్తుంది. ఆ రోజు తన వంతు వచ్చినా, జ్వరంతో ఉన్న పాపనెత్తుకుని నిలబడ్డ ఒకావిడని లోపలికి పంపి, వేలికి రుమాలు చుట్టుకుని అరగంట బల్ల మీద కూర్చున్నాడు. కార్డుల గది తలుపు గడియ వదులైందని గమనించి, అడక్కుండానే ఎడమచేత్తో బిగించి వెళ్ళాడు. డాక్టరు ఇంట్లోవాళ్ళకి ఆయన గురించి తెలిసింది అంతే. ఈ కథ చదివినవాళ్ళు ఆయన్ని ఒకసారి తలుచుకోండి, గుర్తుంచుకోండి.