కణుపు లేని కొమ్మ

టూల్‌బ్యాగు భుజాన వేసుకుని లిఫ్టు మెకానిక్ మూడో అంతస్తు మలుపు తిరిగాడు. బ్యాగు కిటికీ గట్టుకి తగిలింది. అక్కడ గాజు సీసాల్లో వేళ్ళకోసం పెట్టిన మనీప్లాంట్ తీగల్లో ఒకటి పుటుక్కున తెగింది.

"కళ్ళు లిఫ్టులో మర్చిపోయి వచ్చారా?"

ఎదురింటి గుమ్మంలో ఒకమ్మాయి. నర్సు యూనిఫాం, చేతిలో కత్తెర.

"సారీ అండీ. కొత్తది కొనిస్తాను."

"కొనక్కర్లేదు, బతికించండి." తెగిన తీగలోంచి ఒక చిన్న ముక్క కత్తిరించి అతని చేతిలో పెట్టింది. "నీళ్ళలో ఉంచండి. వేళ్ళొచ్చాక తెచ్చివ్వండి."

"రాకపోతే?"

"వచ్చి చెప్పండి."

చెప్పడానికి వెళ్ళాడు. ఒకసారి కాదు. లిఫ్టు నిక్షేపంగా తిరుగుతున్నా ఆ బిల్డింగులో అతనికి ఏదో ఒక చప్పుడు వినిపించేది.

"వేళ్ళొచ్చాయా?"

"లేదండీ."

"ఎండ తగులుతోందేమో. చోటు మార్చి చూడండి."

లోపలినుంచి వాళ్ళ అమ్మమ్మ, "లిఫ్టు మళ్ళీ చెడిందటే?" అని కేకేసేది. ఇద్దరూ నవ్వు ఆపుకునేవారు.

వానలు మొదలయ్యాక ఒకరోజు అమ్మమ్మే తలుపు తీసింది.

"అది ఆర్నెల్ల ట్రైనింగుకి వేరే ఊరి ఆస్పత్రికెళ్ళింది బాబూ. నువ్వొస్తే ఈ నంబరివ్వమంది."

అతను మెట్లు రెండేసి చొప్పున దిగాడు. ఇంటికొచ్చి ఈల వేస్తూ సీసాలో నీళ్ళు మారుస్తుంటే, వదిన వచ్చి కొమ్మని పైకెత్తి చూసింది.

"దీనికి కణుపేదయ్యా? కణుపు లేని ముక్కకి జన్మలో వేళ్ళు రావు."

"ఆవిడకి తెలియదేమో వదినా."

"కిటికీ నిండా మొక్కలు పెంచే పిల్లకి తెలియదా? నిన్ను బాగా ఆటపట్టించింది మరిదీ!"

వదిన పగలబడి నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. ఆమెకి చేద్దామని తీసి పెట్టుకున్న ఫోను జేబులో పెట్టేశాడు.

ఫోన్ చెయ్యలేదు సరే, మర్చిపోవడం మాత్రం చేతకాలేదు. అంతస్తుల మధ్య చీకట్లో, లిఫ్టు పైకప్పు మీద కూర్చుని బోల్టులు బిగిస్తుంటే, "వేళ్ళొచ్చాయా?" అన్న గొంతు చెవి పక్కనే వినిపించేది. మెసేజీ టైపు చేసేవాడు, చెరిపేసేవాడు. బయట వాన కురుస్తుంటే ఆ ఊళ్ళో కూడా కురుస్తోందా అనుకునేవాడు.

కొన్నాళ్ళకి ఆ బిల్డింగు లిఫ్టు నిజంగానే ఆగిపోయింది. బాగుచేసి వెళ్తుంటే అమ్మమ్మ ఎదురైంది.

"ఫోన్ చేసినప్పుడల్లా మా పిల్ల లిఫ్టు ఎలా ఉందని అడుగుతుంది బాబూ. అమ్మమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయని మాత్రం అడగదు!"

ఆస్పత్రి ఎక్కడో ఆవిడనే అడిగి తెలుసుకుని, మర్నాడు పొద్దున్నే అతను బస్సెక్కాడు.

వానలో ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి ఫోన్ చేశాడు. ఆమె గొడుగు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చి, రెండడుగుల దూరంలో ఆగిపోయింది. అతను ఉపోద్ఘాతం లేకుండా అడిగేశాడు.

"కణుపు లేదని తెలిసే ఇచ్చారా?"

ఆమె తల దించుకుంది. "తెలిసే."

"ఎందుకండీ?"

"వేళ్ళొస్తే తెచ్చిచ్చి వెళ్ళిపోతారు కదా."

ఈసారి ఆమె నిలదీసింది.

"నంబరిచ్చి వచ్చాను. ఫోన్ మోగినప్పుడల్లా మీరే అనుకుని పరిగెత్తాను. ఒక్కసారైనా చెయ్యాలనిపించలేదా?"

"నవ్వుకోవడానికి ఇచ్చారేమో అనుకున్నాను. నాకు కోపం వచ్చింది. కోపం తగ్గాక సిగ్గేసింది. కానీ ఒక్క రోజు కూడా మీరు గుర్తురాకుండా పోలేదు."

ఆమె చెంపలు తుడుచుకుంది. వానో, కన్నీళ్ళో.

"ట్రైనింగు ఇంకా రెండు నెలలుంది," అంది.

"ప్రతి ఆదివారం వస్తాను."

"ఈ ఆస్పత్రిలో లిఫ్టు లేదు. ఏమని చెప్పి వస్తారు?"

"నిన్ను చూడాలనిపించి వచ్చానని చెప్తాను."

'నిన్ను' అన్న మాట దగ్గర ఆమె తలెత్తింది. డ్యూటీకి టైమైందని లోపలినుంచి ఎవరో పిలుస్తున్నారు. ఆమె కదల్లేదు.

"ఇంకోసారి చెప్పు," అంది.