కారు తలుపులో మూడు సంబంధాలు

కారు లోపల గొడుగు వేసుకుని కూర్చున్న మనిషిని నిత్యానందం అంతవరకూ చూడలేదు.

అది 1936 జూలై. వాన జోరుగా పడుతోంది. తాడేపల్లిగూడెం స్టేషను రోడ్డులో అతని షెడ్డు కిందకి వచ్చి ఆగిన కారు వెనక సీట్లో ఒక అమ్మాయి నల్ల గొడుగు విప్పుకుని, ప్రార్థనకి వచ్చినంత బుద్ధిగా కూర్చుని ఉంది. ఆమె పక్క తలుపు అద్దం సగంలో ఆగిపోయింది. దారి పొడుగునా వాన ఆ సందులోంచి లోపలికి వచ్చినట్టుంది, సీటంతా తడిసిపోయింది.

కారు నడుపుతున్న పెద్దాయన దిగి టోపీ విదిలించుకున్నాడు.

"బాబూ, ఈ అద్దం పైకీ పోదు, కిందికీ రాదు. హ్యాండిల్ తిప్పితే కటకటమని మూలుగుతుంది, అంతే. గంటలో బాగుచెయ్యగలవా? మండవల్లి వెళ్ళాలి. ఏలూరు నుంచి దగ్గర దారి కొల్లేరు పొంగి మునిగిపోయింది. ఆకివీడు మీదుగా చుట్టు తిరగాల్సొచ్చింది."

నిత్యానందం చూపు ముందు సీట్లో ఉన్న తోలుసంచీ మీద పడింది. దానిమీద తెల్లరంగుతో రాసి ఉంది: డాక్టర్ దేవసహాయం, ఏలూరు.

అతని మొహం మాడిపోయింది. పెంటపాడులో ఉన్న వాళ్ళమ్మ సువార్తమ్మ ఈ డాక్టరుగారి అమ్మాయి ప్రభావతిని అడుగుతూ మే నెలలో ఉత్తరం రాయించింది. కొడుకు ఫోటో కూడా పెట్టింది. రెండు నెలలైంది. ఔనన్న జవాబు లేదు. కాదన్న జవాబూ లేదు. మెకానిక్కు సంబంధం డాక్టరుగారికి ఆనలేదని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నారు.

"చేస్తానండి," అన్నాడు నవ్వకుండా. డాక్టరుగారు ఎదురింట్లో ఉన్న పాస్టరుగారిని పలకరించి వస్తానని వెళ్ళిపోయారు.

నిత్యానందం స్క్రూ డ్రైవరు తీసుకుని తలుపు దగ్గరికి వచ్చాడు. గొడుగు కిందనుంచి రెండు కళ్ళు కంగారుగా చూశాయి.

"ఏం చేస్తారండీ?"

"హ్యాండిల్ తీసి, తలుపు లోపలి అట్ట విప్పుతానండి."

"విప్పొద్దండి."

"విప్పకపోతే అద్దం ఎలా లేస్తుందండీ?"

"లేవక్కర్లేదండి. నాకు గొడుగుంది. అలవాటైపోయింది కూడా."

"మండవల్లి దాకా గొడుగు వేసుకునే వెళ్తారా?"

"కావాలంటే బందరు దాకా వెళ్తాను. పైన కొంచెం నూనె పోసి చూడకూడదూ? మా బడిలో కుట్టుమిషను అలాగే బాగవుతుంది."

"ఇది కుట్టుమిషను కాదండి. దిగండి."

ఆమె దిగి గొడుగు ముడిచి, షెడ్డులో ఓ పాత టైరు మీద కూర్చుంది. అతను మరలు ఊడదీసి అట్టని తన వైపుకి లాగాడు.

లోపల హ్యాండిల్ తిప్పే పళ్ళచక్రం ఉంది, అద్దాన్ని ఎత్తే ఇనప చెయ్యి ఉంది, ఆ రెంటి మధ్యా ఇరుక్కుని ఓ కాగితాల బొత్తి ఉంది. లాగాడు. గ్రీజు పూసుకుని ఒకదాని వెనక ఒకటి కవర్లు జారిపడ్డాయి. మూడు ఉత్తరాలు, మూడు జవాబులు, మూడు ఫోటోలు.

మొదటి ఫోటోలో కళ్ళజోడు మనిషి. రెండో ఫోటోలో కుక్కపిల్లని పట్టుకున్న మనిషి. మూడోదాంట్లో అరువు కోటు, గుబురు మీసం. పళ్ళచక్రం ముక్కు మీద నాలుగు గాట్లు పెట్టినా ఆ ముక్కు ఎవరిదో నిత్యానందానికి తెలుసు.

"నాన్నగారికి చెప్పకండి," అంది ప్రభావతి. మొహం ఎర్రబడింది. "సంబంధం వచ్చినప్పుడల్లా ఉత్తరం, ఫోటో నాకే ఇచ్చి, చూసుకుని ఈ జవాబు పోస్టు చెయ్యమ్మా అంటారు. కారులో బడికి వెళ్తూ ఈ అద్దం సందులో వేసేసేదాన్ని."

"ఎందుకండీ?"

"నాకు ఈ మధ్యనే పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. మొదటాయన పెళ్ళవగానే మానెయ్యాలని రాశాడు. రెండో ఆయన ఇప్పుడే మానేస్తే మంచిదని రాశాడు."

"ఈ మూడో ఆయన?"

"చదవలేదండి. ఫోటో కూడా చూడలేదు. చూస్తే జాలి పుడుతుందేమోనని."

నిత్యానందం ఓ క్షణం ఆలోచించాడు. జాలి పుట్టే మొహమా తనది?

"ఒక్కరూ జవాబివ్వలేదని నాన్నగారు కుంగిపోయారు," ఆమె గొంతు తగ్గింది. "ఇప్పుడు మండవల్లిలో ఒక హెడ్మాస్టరుగారికి మాటివ్వడానికి వెళ్తున్నాం. భార్య పోయిందట. ఆయన పెద్దబ్బాయి నాకంటే రెండేళ్ళే చిన్న. ఇదంతా నేను చేసుకున్నదే."

అతను ఆ మూడో ఉత్తరం చొక్కాకి తుడిచి ఆమెకి అందించాడు. "ఇదొక్కటీ చదవండి. తర్వాత మీ ఇష్టం."

ఆమె మెల్లగా పైకి చదివింది. "'ప్రభువునందు ప్రియులైన డాక్టరుగారికి. నాకు చదువు రాదు గనుక మా పాస్టరుగారిచేత రాయిస్తున్నాను. మావాడు మంచివాడు. మోటారు కనిపిస్తే అన్నం మరిచిపోతాడు, మిగతా వేళల్లో బాగా తింటాడు. మీ అమ్మాయి పంతులమ్మ పని చేస్తానంటే మాకు సంతోషం. మా ఇంట్లో కూడా ఒకరికి చదువు చెప్పాలి. ఆ ఒకరూ నేనే.'"

ఆమె చదవడం ఆపి నవ్వేసింది. ఎంత తెలివితక్కువ పని చేశానా అనుకుంటూ ఫోటో అందుకుంది. ఫోటో చూసింది. అతని వైపు చూసింది. మళ్ళీ ఫోటో చూసింది.

"మీసం ఏమైందండీ?"

"గ్రీజు అంటుతోందని తీసేశానండి."

ఏదో ఒకటి చెయ్యాలి గనక అతను చక్రంలో వంగిన ఒక పన్నుని ఆకురాయితో సరిచేసి, గ్రీజు పెట్టి, హ్యాండిల్ తగిలించాడు. అద్దం ఏ మూలుగూ లేకుండా పైకి లేచింది.

డాక్టరుగారు వచ్చారు. "భేష్. ఏమిటి అడ్డం పడింది?"

నిత్యానందం ఏదో ఒక అబద్ధం వెతుక్కుంటున్నాడు. ప్రభావతి టైరు మీంచి లేచి వచ్చి కాగితాలన్నీ తండ్రి చేతిలో పెట్టింది.

"నేనే నాన్నగారూ. ఒక్క జవాబూ పోస్టు చెయ్యలేదు."

డాక్టరుగారు ఒక్కొక్కటే తిరగేశారు. "అయితే ఈ మూడిళ్ళవాళ్ళనీ రెండు నెలలుగా ఊరికే తిడుతున్నానన్నమాట."

"పెంటపాడులో మిమ్మల్ని కూడా తిడుతున్నారండి," అన్నాడు నిత్యానందం. నోరు జారినందుకు నాలిక కరుచుకున్నాడు.

ఆయన మూడో ఫోటో మీంచి చూపెత్తి అతన్ని ఎగాదిగా చూశారు. తర్వాత కూతుర్ని చూశారు. ప్రభావతి తల దించుకుంది గాని, కాదనలేదు.

"మీ అమ్మగారు ఇంట్లో ఉంటారా, బాబూ?"

"ఈ వానలో ఎక్కడికెళ్తుందండీ?"

"ప్రభా, ఈ జవాబు నువ్వే పట్టుకెళ్ళి ఇవ్వు. పోస్టంటే నాకిక నమ్మకం పోయింది. మండవల్లికి దారి మునిగిందని తంతి కొడదాం. అది అబద్ధమూ కాదు."

ఓ గంట తర్వాత పెంటపాడులో సువార్తమ్మ చేటలో బియ్యం ఏరుతూ వీధి అరుగు మీద కూర్చుని ఉంది. కారు దిగి వచ్చిన అమ్మాయి గ్రీజు మరకల కవరొకటి చేతికిస్తే, అటూ ఇటూ తిప్పి వెనక్కిచ్చింది.

"నాకు రాదమ్మా. నువ్వే చదువు."

ప్రభావతి చదవక తప్పలేదు. "'మీ ఉత్తరం అందినది. వీలు చూసుకుని మీరు వచ్చి మా అమ్మాయిని చూడవలసిందిగా కోరుతున్నాను. దేవసహాయం.'"

సువార్తమ్మ ఆ అమ్మాయిని చూసింది. కారు దగ్గర వానలో నిలబడిపోయిన కొడుకుని చూసింది. పక్కన టోపీ తీసి నిలబడిన పెద్దమనిషిని చూసింది. సంగతంతా అర్థమై చేట పక్కన పెట్టింది.

"చూశాను," అంది. "లోపలికి రండి, ఎసట్లో ఇంకో సోలెడు బియ్యం పోస్తాను."