చెత్తబండికెక్కిన టమాటాలు

ఆదివారం పొద్దున్నే పెద్దాయన వంటగది గట్టంతా తుడిచి, కోడలికి కాస్త పని తగ్గించానని మురిసిపోయాడు. ఆమె కూరగాయల మార్కెట్ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ పీజీ చదువుతోంది. ఆహారం, వ్యవసాయం మీద ప్రభుత్వ విధానాల చదువు. ఉద్యోగస్తుల కోసం ఆదివారాలే క్లాసులు.

"మావయ్యా! ఈ మూల టమాటా బుట్ట ఏదీ?"

"కంపు కొడుతుంటే చెత్తబండిలో పోయించేశానమ్మా."

కోడలి మొహం పాలిపోయింది. "అయ్యో! అవి నా ప్రాజెక్టువి! ఇంట్లో నిలవుంచితే ఎన్ని పాడవుతాయో ఇవాళ క్లాసులో చెప్పాలి. పారేయొద్దని కాగితం కూడా అంటించానే!"

"కళ్ళజోడు పెట్టుకోలేదమ్మా..."

"ఈ ఇంట్లో నా చదువంటే అందరికీ అలుసే!"

కొడుకు విసురుగా వచ్చాడు. "పొద్దున్నే నాన్న మీద ఆ అరుపులేంటి? కుళ్ళు టమాటాలకి ఇంత రాద్ధాంతమా?"

"మీకవి టమాటాలు. నాకు పరీక్ష!"

"పరీక్షట! మొన్న అన్నం మాడింది. నిన్న గ్యాసు బుక్ చెయ్యడం మర్చిపోయావు. ఎవర్ని ఉద్ధరించడానికి ఈ చదువు? ఇవాళే మానెయ్!"

"మీరు ప్రమోషన్ పరీక్షకి చదివినన్నాళ్ళూ నేను నోరెత్తానా?"

"అదీ ఇదీ ఒకటేనా?"

ఆమె బ్యాగును కుర్చీలోకి విసిరికొట్టింది. "సరే, మానేస్తా! హాయిగా ఉండండి!" కుళాయి తిప్పి మొహం కడుక్కుంటూ, అటు తిరిగే అడిగింది. "బుట్టలో బాగున్నవి ఎన్నున్నాయి మావయ్యా?"

"చూళ్ళేదమ్మా. పైన రెండు కుళ్ళి కనిపించాయి. బుట్టంతా పోయించేశా."

అనేశాక ఆ మాట ఆయనకే గుచ్చుకుంది. ఎన్నడూ గొంతు పెంచని మనిషి కొడుకు మీద విరుచుకుపడ్డాడు.

"ఒరేయ్! నేను తెలియక చేశాను. నువ్వు తెలిసే చేస్తున్నావు! ఒకపూట అన్నం మాడిందని ఆ పిల్ల చదువంతా బండికెక్కించమంటావా? నీకు చేతుల్లేవా? గ్యాసు నువ్వు బుక్ చేస్తే రాదా?"

కొడుకు తలొంచుకున్నాడు. కుర్చీలోని బ్యాగు తీసి భుజాన వేసుకున్నాడు. "పద, నేను దింపుతాను," అన్నాడు గొణుగుతున్నట్టు.

ఆమె కదల్లేదు. "పై రెండే చూసి అన్నీ పారేశారా మావయ్యా? నేను పాడయ్యేవే లెక్కపెడుతున్నాను. బాగున్నవి కూడా ఎలా పోతాయో ఇప్పుడు తెలిసింది. ఇవాళ అదే చెప్తాను. మీరని చెప్పన్లెండి."

"చెప్పమ్మా. వాసనకి జడిసిన ముసలాడొకడు మా ఇంట్లోనే ఉన్నాడని చెప్పు!"

తడి కళ్ళతోనే ఆమె ఫక్కున నవ్వింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి వేలు చూపించింది. "సాయంత్రం మళ్ళీ బుట్ట తెస్తా. ముట్టుకున్నారంటే ఊరుకోను!"

ఆ బెదిరింపు ఆయన చెవులకు చల్లగా తాకింది. వాళ్ళు వెళ్ళగానే కళ్ళజోడు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.