మాత చేతి మీద పుట్టుమచ్చ

"ఈ చెయ్యి ఎవరేసినారు?"

మైత్రి కేకకు చెన్నై రాయపురం పాత చర్చిలో పావురాలన్నీ లేచిపోయాయి. నిచ్చెన మీదున్న శ్రీకుమార్ మాత్రం మెచ్చుకుంటుందని పళ్ళికిలించాడు.

కోడంబాక్కంలో సినిమా సెట్లకు రంగులేసే మనిషి అతను. పండగకని ఇక్కడ గోడలకు సున్నం వేయడానికి వచ్చాడు. మైత్రి మూడువందల ఏళ్లనాటి మరియమాత చెక్క పటాన్ని బాగుచేస్తోంది. పటంలో మాత కుడిచేతి రంగంతా రాలిపోయి ఉత్త చెక్క మిగిలింది. శనివారం సాయంత్రం మైత్రి ఇంకో చర్చి పని మీద గోవా వెళ్ళిపోతుంది, ఏడాది పాటు. మనసులో మాట చెప్పలేక పది రోజుల్లో ఒకే గోడకు మూడుసార్లు సున్నం కొట్టాడు శ్రీకుమార్. ఇవాళ ఆమె భోజనానికి వెళ్ళగానే, మెప్పిద్దామని, ఆ చెయ్యి వేసేశాడు.

"నేనే మేడం. పాతదానికీ కొత్తదానికీ జాయింట్ కనపడతా ఉందా చూడండి!"

"కనపడలా. అదే తప్పు! దూరంనించి కలిసిపోవాల, దగ్గరికొస్తే కొత్తదని తెలియాల. లేకుంటే చూసేవాళ్ళని మోసం చేసినట్టు. ఇదిగూడా తెలీదా నీకు?"

నిన్నటిదాకా 'మీరు' అనేది. అంత భయంలోనూ అతనికి సంతోషమేసింది.

"సారీ మేడం. చెరిపితే పోతుందా?"

"అడుగున నేను ముందే వార్నిష్ పూసుండాను, నీ రంగు మటుకే పోతుంది. ముందు ఫోటో తియ్యాల. ఏం చెరిపినా రికార్డు ఉండాల. లైటు పట్టుకో."

నిచ్చెన దిగి వచ్చి పట్టుకున్నాడు. కెమెరాలో చూస్తున్న మైత్రి ఆగిపోయింది.

"శ్రీకుమార్, మాతకి ఈడ పుట్టుమచ్చ ఏంది?"

బొటనవేలి మొదట్లో చిన్న నల్ల చుక్క. కెమెరా పట్టుకున్న ఆమె చేతి మీదా అక్కడే ఉంది. కాస్త వంగిన చిటికెనవేలు కూడా ఆమెదే.

"కావాలని వెయ్యలా మేడం. పది దినాలుగా నేను చూసింది ఈ చేతినే. మీరు పోతారంటే నాకు ఒకచోట నిలవబుద్ధి కావడంలా. మీరంటే నాకు ప్రాణం."

మైత్రి ఫోటో తీసింది. దూది తడిపి ఒక్కో వేలే తుడిచింది. అన్నిటికన్నా చివర పుట్టుమచ్చను తుడిచింది. శ్రీకుమార్ లైటు ఆర్పాడు.

"రిపోర్టులో ఏం రాస్తారు?"

"ఎవరేసినారు, ఎందుకేసినారు, రెండూ రాయాల." దూది పక్కన పెట్టింది. "మొదటిది నేను రాస్తా. రెండోది శనివారం పొద్దున్నే టి. నగర్‌లో మా ఇంటికొచ్చి మా నాయనకి నువ్వే చెప్పు. ఆడ మటుకు నన్ను మేడం అనబాకు."