ఎర్ర ప్రాంప్టు మీద అనుమానం

సోమవారం పొద్దున్న లాగిన్ కాగానే సీఐడీకి ఒళ్లు మండిపోయింది. కమాండ్ కొట్టేచోట ఎప్పుడూ తెల్లగా మెరిసే ప్రాంప్టు ఎర్రగా మారిపోయింది. దాని పైన కొత్తగా ఒక పలకరింపు. "ఇది అసలు మిషన్. చూసుకుని కొట్టండి. కళ్లు మండుతుంటే టీ తాగి రండి."

ఆమె అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. స్టేప్లర్ కనబడకపోతే ముగ్గుర్ని విచారించే మనిషికి సీఐడీ అన్న పేరే స్థిరపడిపోయింది. ఇంట్లో అక్క మాటా అదే. "పాలవాడు నవ్వినా నీళ్లు కలిపాడనే అనుకుంటావే నువ్వు."

రక్తపరీక్షలు చేసే ఆ ల్యాబులో రిపోర్టులు దాచే సర్వర్‌కి కాపలా ఆమే. పాస్‌వర్డు ఇద్దరికే తెలుసు. ఒకరు తను. రెండో మనిషి, నెల కిందట కాంట్రాక్టు మీద వచ్చి అద్దాల గోడ అవతల కూర్చుంటున్న నెట్‌వర్క్ ఇంజనీరు.

నా కళ్లు మండుతున్నాయని వీడికెలా తెలుసు అనుకుంటూ అద్దంలోంచి చూసింది. అతను చటుక్కున తల దించుకున్నాడు. చెవులు మాత్రం ప్రాంప్టు రంగుకి తిరిగాయి.

అనుమానం సరే, సాక్ష్యం కావాలిగా. మంగళవారం సాయంత్రం ఇంటికెళ్లేముందు, లాగిన్ కాగానే మిషన్ చదివే స్టార్టప్ ఫైలు తెరిచింది. లాగిన్ అయినవాళ్లకి కనబడేలా అన్నిటికంటే పైన తనూ ఒక మాట రాసిపెట్టింది. "దొంగగారూ, మీకేం పని ఇక్కడ?"

బుధవారం ఆమె వచ్చేసరికి ల్యాబంతా గందరగోళం. ఒక్క రిపోర్టూ సర్వర్‌కి చేరలేదు. ఆపరేషన్‌కి రిపోర్టు కావలసినవాళ్లు కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నారు. మేనేజరు నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు.

"ఎవరి నిర్వాకమో మధ్యాహ్నంలోగా రాసివ్వమ్మా. ఎవరైనా సరే, పంపించేస్తా."

కాగితం, పెన్ను పట్టుకుని ఆమె అద్దాల గది తలుపు తోసింది.

"నా ఫైల్లో వేలు పెట్టారా లేదా?"

"పెట్టానండి."

"ఎందుకు?"

"పోయిన శుక్రవారం మీరు ప్రాక్టీసు మిషన్ అనుకుని అసలుదాంట్లో డిలీట్ కొట్టబోయారు. ఎంటర్ మీద వేలు పెట్టి ఆగారు. ఇక్కణ్ణుంచి చూస్తున్న నాకు గుండె ఆగినంత పనైంది. అందుకే అసలుదానికి ఎరుపు, ప్రాక్టీసుదానికి ఆకుపచ్చ పెట్టా."

"అడిగి పెట్టాలని తెలీదా?"

"అడుగుదామని మూడుసార్లు మీ టేబుల్ దాకా వచ్చా. మీ చూపు చూసి వెనక్కెళ్లిపోయా. అది నా తప్పేనండి. కానీ పాత ఫైలు కాపీ తీసి పక్కన పెట్టా. ఇంకో విండోలో లాగిన్ అయి, అంతా బావుందని చూశాకే మొదటి విండో మూశా."

"మరి రిపోర్టులెందుకు ఆగాయి?"

అతను తన స్క్రీన్ ఆమెవైపు తిప్పాడు. "సోమవారం, మంగళవారం బాగానే వచ్చాయి కదండీ" అన్నాడు మెల్లగా.

ఆమె అక్కడే ఫైలు తెరిచింది. అతని పలకరింపుకి ముందు ఒక షరతు ఉంది. ఎదురుగా మనిషి ఉంటేనే పలకరించమని.

"రిపోర్టులు మోసుకొచ్చే ప్రోగ్రామూ ఈ లాగిన్ గుమ్మంలోంచే వస్తుందండి. దానికి మన మాటలు తెలీవు. ఏం మాట్లాడినా రిపోర్టులో భాగమే అనుకుని బెదిరి ఆగిపోతుంది" అన్నాడతను.

ఆమె రాసిన ప్రశ్న మాత్రం ఆ షరతుకి పైన ఉంది, మనిషి వచ్చినా ప్రోగ్రాము వచ్చినా అడిగేస్తుంది. సీఐడీ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మీరిది ఎప్పుడు చూశారు?"

"పొద్దున్నే."

"మేనేజరుకి చెప్పలేదేం? నేను మీ పేరు రాసిచ్చేదాన్ని."

"రుజువు చూడకుండా మీరు రాయరని తెలుసు."

తన అనుమానాన్ని ఇంత గౌరవంగా చూసిన మనిషి ఆమెకి ఇంతవరకూ తగల్లేదు. తను రాసిన వరుస తీసేసింది. కొత్త విండోలో లాగిన్ అయి చూసుకుంది. రిపోర్టులు ఒక్కొక్కటే రావడం మొదలుపెట్టాయి. అవన్నీ వచ్చేదాకా నిలబడి, తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లింది.

"తప్పు నాదండి" అంది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నిజం చెప్పేవాళ్లని పంపించేస్తే సర్వర్ నేను చూసుకోవాలా? ఇకనుంచి ఫైలు ముట్టుకునేముందు మీరిద్దరూ ఒకరికొకరు చెప్పుకుని ఏడవండి."

ఆమె బయటికొచ్చేసరికి అతను వరండాలో నిలబడి ఉన్నాడు, బ్యాగు భుజానికి తగిలించుకుని.

"ఎక్కడికి?"

"మిమ్మల్ని పంపించేస్తే నేనూ వచ్చేద్దామని."

"మీకేమైనా పిచ్చా?"

"వచ్చిన రోజునుంచీ ఉందండి. మీరంటే."

ఆమె ఆ మాటని నాలుగువైపులా తిప్పి చూసింది. ఎక్కడా లొసుగు దొరకలేదు. దొరక్కపోవడం ఇంత హాయిగా ఉంటుందని ఆమెకి తెలీదు.

"ఆదివారం మా ఇంటికి రండి. మా అక్కకి చెప్తాను."

"ఏమని?"

"మిమ్మల్ని నమ్ముతున్నానని. నేను చెప్తే నమ్మదు. అందుకే మీరూ రావాలి."