తొమ్మిదో ఫొటో

"అయ్యో అయ్యో, ఏం చేస్తున్నారండీ!"

ఆ అరుపుకి మైదానంలో టీ తాగుతున్నవాళ్ళు సగం మంది తలలు తిప్పారు. అప్పటికే ఆలస్యమైపోయింది. నీలం చొక్కా వేసుకున్న పొడుగాటి యువకుడు ఇత్తడి పరికరాన్ని విమానం రెక్క మీద ఆనించి, పెన్ను నొక్కినంత సుతారంగా నొక్కాడు. టప్పుమని చప్పుడైంది. రెక్క గుడ్డకి గోళీకాయంత చిల్లు పడింది.

ఎనిమిది నెలల కష్టం ఆ రెక్కలు. టైలరింగ్ షాపు మూసిన సాయంత్రాలూ, ఒక్క సెలవు లేని ఆదివారాలూ కలిపి ఆ అరిచిన అమ్మాయి కుట్టిన రెక్కలు.

"చిల్లు పెట్టేశారు!"

"నేను పెట్టలేదు మేడమ్, పడింది," అన్నాడతను తాపీగా. "గుడ్డలో బలముంటే ఈ మొన దిగదు. రూలు."

"పెద్ద రూలు! అసలెవరు మీరు?"

అతను మెడలో వేలాడుతున్న కార్డు తిప్పి చూపించాడు. ఇన్‌స్పెక్టర్ నంబర్ నాలుగు.

టైలరమ్మాయి వంగి ఆ కార్డుని మళ్ళీ చదివింది. ఎనిమిది నెలలుగా రెక్కలో ఒక్కో అర, అంటే రెండు ఊచల మధ్య గుడ్డ, కుట్టగానే ఫొటో తీసి ఆమె మెయిల్ పంపుతున్నది ఈ నంబర్ నాలుగుకే. 'పదకొండో ఫొటో: మూడో ముడి వదులు. విప్పి మళ్ళీ కట్టండి.' ఇలాంటి జవాబులు చదివి, బట్టతలా సోడాబుడ్డి కళ్ళద్దాలూ ఉన్న ముసలాయన్ని ఊహించుకుంది. "కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం తాతా," అని ఎన్నిసార్లు తిట్టుకుందో! 'పద్నాలుగో ఫొటో: కుట్టు చాలా అందంగా ఉంది' అని వచ్చిన మెయిల్‌ని మాత్రం ఎందుకో తుడిచెయ్యలేదు.

ఆ ముసలాయన ఇలా ఒత్తయిన జుట్టుతో, నవ్వితే సొట్టపడే బుగ్గతో ఎదురుగా నిలబడటం పెద్ద మోసంలా తోచింది ఆమెకి.

"ఏమైందే?" అంటూ ఆమె తాత వచ్చాడు. తెల్లవారకముందే తోలు టోపీ పెట్టేసుకుని, కళ్ళజోడు నుదుటికి ఎక్కించుకుని తిరుగుతున్న మనిషి ఆయన. పాత విమానాల పిచ్చివాళ్ళంతా ఏడాదికొకసారి కలిసే రోజు ఇది. గడ్డి మీద నలభై విమానాలు బారులు తీరాయి. ఒకటి గర్జిస్తోంది, ఒకటి దగ్గుతోంది, ఇంకొకదాని కింద నలుగురు దూరి వాదించుకుంటున్నారు. ఈ సందడిలో తాతగారి జోడు రెక్కల విమానం పదకొండేళ్ళ తర్వాత లేవాలి. ఇవాళే లేవాలి. రేపటితో ఆయనకి ఎనభై నిండుతాయి. నిండితే పైలట్ సీటు మర్చిపోవాల్సిందే. పొద్దుగూకేలోగా ఇన్‌స్పెక్టర్ సంతకం పడకపోతే ఆయన ఇంక ఈ జన్మకి విమానం నడపడు.

"నూట ఇరవై చోట్ల నొక్కొచ్చుగా. సరిగ్గా అక్కడే ఎందుకు నొక్కారు?" ఆమె గొంతు పెంచింది.

"ఎనిమిదో ఫొటో తర్వాత పదో ఫొటో వచ్చింది," అన్నాడు నంబర్ నాలుగు. "తొమ్మిదోది రాలేదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చెయ్యి దానంతటదే రెక్క మీదున్న ఆ అరని కప్పేసింది.

"తప్పు నాదేనయ్యా," అన్నాడు తాత. "అది మా ఆవిడ కుట్టిన అర. తను పోయేముందు ఆఖర్న కుట్టింది. దాన్ని మాత్రం విప్పొద్దని నేనే అన్నా."

"తాతది కాదు," అంది ఆమె నేల చూపులు చూస్తూ. "గుడ్డ మెత్తబడిందని నాకు తెలుసు. తెలిసే పైన రంగేశాను. తాత ముఖం చూసి కాదనలేకపోయాను."

చెప్పాక సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అరిచినంత గట్టిగానూ అరిచింది, తప్పేమో తనది. అతను ఏదో ఒక మాట అంటాడనుకుంది. కానీ అతను వాచీ చూసుకున్నాడు.

"పదయింది. అర విప్పడానికి గంట, కొత్తది కుట్టడానికి రెండు గంటలు, గుడ్డ బిగుసుకునే మందు రాసి ఆరబెట్టడానికి మూడు. సూర్యాస్తమయం ఆరూ పదికి. అవుతుంది."

"గాలితో అవుతుందా? రెక్కలకి వేసే గుడ్డ ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకదు."

అతను వెళ్ళి, కారు డిక్కీ తెరిచి, ఒక కాగితం పొట్లం తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. లోపల తెల్లటి దళసరి గుడ్డ, మూడు గజాలుంటుంది. మైనం పట్టించిన దారపు ఉండ కూడా ఉంది.

"ఇది ఎప్పుడు కొన్నారు?"

"తొమ్మిదో ఫొటో రానప్పుడు."

ఆమె పోట్లాట మానేసి సూది వెతుక్కుంది. అది చాలా అరుదైన విషయమని తాత తర్వాత అందరికీ చెప్పాడు.

తాత తన చేత్తోనే బామ్మ కుట్టిన గుడ్డని చుట్టూ కోసి తీశాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అంతలోనే ఆకాశం నల్లబడింది. మొదటి చినుకులకే పదిమంది పరుగెత్తుకొచ్చి, హైలెస్సా అంటూ విమానాన్ని షెడ్డులోకి తోశారు.

రెక్క కుట్టడం ఒక్కరి పని కాదు. ఒకరు పైన, ఒకరు కింద ఉండాలి. జానెడు సూదిని పైవాళ్ళు కిందికి గుచ్చితే, కిందివాళ్ళు అందుకుని రెక్కలోని చెక్క ఊచకి అవతల పక్కనుంచి పైకి పంపాలి. పైన ముడి వెయ్యాలి. మళ్ళీ కిందికి. మధ్యలో గుడ్డ ఉంటుంది గనక ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. ఆమె స్టూలెక్కింది. అతను చొక్కా చేతులు మడిచి, రెక్క కింద గోనెపట్టా మీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఆఫీసర్ గారూ, సూది పంపుతున్నా. కంట్లో పొడుచుకునేరు!"

"చూశాను. అబ్బా!"

"ఏమైంది?"

"మైనం. కనుబొమ్మ మీద పడింది. పర్లేదు, పంపండి."

ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. రేకుల మీద వాన దంచి కొడుతోంది. సూది దిగుతోంది, లేస్తోంది. పది ముడులకల్లా ఇద్దరికీ లయ కుదిరింది. మొత్తం ఇరవై నాలుగు ముడులు.

"ఇంతకీ ఇదంతా అయ్యాక సంతకం పెడతారుగా?"

"పెట్టను."

సూది ఆగిపోయింది. "ఏంటీ?"

"తను చేసిన పనికి తనే సంతకం పెట్టకూడదు. రూలు."

"మరి తెలిసి తెలిసి కింద ఎందుకు పడుకున్నారు?"

"మీరొక్కరే కుడితే సాయంత్రానికి అవ్వదు కాబట్టి. సంతకం నంబర్ ఒకటి పెట్టాలి."

"ఆ గొడుగావిడా!" అంది ఆమె. పొద్దున్నుంచీ మూడు విమానాలని మూలన కూర్చోబెట్టిన మనిషి ఆవిడ. ఆవిడ వస్తుంటే మైదానమంతా టీ కప్పులు దాచేసుకుంటోంది.

"మా మేనత్త. నన్ను పెంచింది ఆవిడే. నాకు రూళ్ళు నేర్పింది కూడా ఆవిడే. నావాడని చూసీ చూడనట్టు వదలదు. కాబట్టి గట్టిగా కట్టండి."

పదిహేనో ముడి పడింది. పదహారు పడింది.

"నా ఫొటోలన్నీ అంత శ్రద్ధగా చూసేవారా?" అడిగింది ఆమె, సూది గుచ్చుతూ.

"ఫొటోల్లో ఒక్కోసారి మీ చెయ్యి పడేది. చూపుడువేలికి ప్లాస్టరు ఉండేది. ఆ దెబ్బ మానిందో లేదోనని తర్వాతి ఫొటో కోసం ఎదురుచూసేవాణ్ణి." సూది పైకి వచ్చింది. దాని వెనకే గొంతు కూడా వచ్చింది. "నాకు మీరంటే ఇష్టమండీ. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేదు. మధ్యలో రెక్క ఉంది కాబట్టి చెప్పేస్తున్నా."

వాన ఒక్కసారిగా హోరెత్తింది. ఆమె చెవుల్లో హోరు మాత్రం వానది కాదు.

"మేడమ్? సూది?"

రెండు నిమిషాలకి సూది దిగింది. జవాబు దిగలేదు.

"ముందు తాత ఎగరాలి," అంది చివరికి. "తర్వాత మాట్లాడతాను."

ఇరవై నాలుగో ముడి పడేసరికి షెడ్డు గుమ్మంలో నల్ల గొడుగు ముడుచుకుంది. మేనత్త ఎవరినీ పలకరించలేదు. కళ్ళద్దాలు సవరించుకుని ఒక్కో ముడినీ గోటితో లాగి చూసింది.

"పదిహేడోది వదులు. ఎవరు కట్టారు?"

"నేనేనండీ."

"మిగతా ఇరవై మూడూ అచ్చు పోసినట్టున్నాయి. దీని దగ్గర ఏమొచ్చింది నీకు?"

ఆమె తల వంచుకుంది. అప్పుడే రెక్క కిందనుంచి నంబర్ నాలుగు పాక్కుంటూ బయటికొచ్చాడు. కనుబొమ్మకి మైనం, చెవులు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మేనత్త అతన్ని చూసింది. ఆమెని చూసింది. మళ్ళీ పదిహేడో ముడిని చూసింది.

"ఓహో," అంది. "విప్పి మళ్ళీ కట్టమ్మా. ఈసారి వాడు నోరు మూసుకుని ఉంటాడు."

తాత ఇంజన్ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదలడం చూస్తే నవ్వుతున్నాడని తెలిసిపోతోంది.

ముడి మళ్ళీ పడింది. కుట్ల మీద పట్టీ అంటించి, గుడ్డని బిగదీసే మందు రాశారు. పక్క షెడ్డులవాళ్ళు నాలుగు టేబుల్ ఫ్యాన్లు మోసుకొచ్చారు. వాన నాలుగింటికి వెలిసింది. ఐదున్నరకి మేనత్త తన ఇత్తడి పరికరం తీసి తొమ్మిదో అర మీద నొక్కింది. టైలరమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏ చప్పుడూ కాలేదు. కళ్ళు తెరిచేసరికి మేనత్త సంతకం పెడుతోంది.

"ఎక్కవయ్యా పెద్దమనిషీ," అంది తాతతో. "నలభై నిమిషాలుంది నీకు."

ఎనభై ఏళ్ళు నిండబోతున్న మనిషి కుర్రాడిలా రెక్క మీద కాలు పెట్టి సీట్లోకి దూకాడు. చొక్కా జేబు తట్టుకుని, "పదవే, వెళ్దాం," అన్నాడు జేబులో ఉన్నావిడతో. ఇంజన్ రెండుసార్లు తుమ్మి అందుకుంది. తడిసిన గడ్డి మీద విమానం గెంతుకుంటూ పోతుంటే దాని వెంట ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది, ఆమె వెంట అతను పరుగెత్తాడు. చక్రాలు నేలని వదిలాయి. జోడు రెక్కలు ఎర్రటి ఎండలోకి లేచాయి. మైదానమంతా ఈలలు, కేకలు. టైలరమ్మాయి ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియలేదు.

"ఎగిరింది! ఆఫీసర్ గారూ, మన రెక్క ఎగిరింది!"

"మన రెక్కేనా?" అన్నాడతను ఆయాసపడుతూ.

ఆమె ఫోను తీసింది. అతని చొక్కా పట్టుకుని పక్కకి లాగి, చెయ్యి చాచి, క్లిక్కుమనిపించింది. ఇద్దరి ముఖాలు, వెనక ఆకాశంలో వేలెడంత విమానం. తర్వాత నింపాదిగా ఏదో టైపు చేసింది. మరుక్షణం అతని జేబులో ఫోను మోగింది.

'తొమ్మిదో ఫొటో. ఇన్ని నెలలు ఆలస్యమైనందుకు క్షమించగలరు. అన్నట్టు, నాకూ మీరంటే ఇష్టమే.'

అతను ఆ మెయిల్ రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవబోతుంటే వెనక నుంచి గొడుగు కర్ర వీపు మీద తగిలింది.

"మెయిల్‌కి జవాబివ్వడం రూలు కాదుట్రా?" అంది మేనత్త.

విమానం తలల మీదుగా చక్కర్లు కొడుతుండగా, ఒక కంటితో పైకి, ఒక కంటితో ఆమె వైపు చూస్తూ, అతను జవాబు కొట్టాడు.

'తొమ్మిదో ఫొటో అందింది. లోపాలేమీ లేవు.'